మైకు పెద్దమ్మ, వెనక్కి లెక్క

పెద్దమ్మకి గుసగుసలాడటం రాదు. రైలు పట్టాల పక్కనున్న బడిలో ఏళ్ల తరబడి సైన్సు పాఠాలు చెప్పీ చెప్పీ గొంతు అలా స్థిరపడిపోయింది. ఆవిడ ఫోన్లో మాట్లాడుతుంటే, అసలు మధ్యలో ఫోనెందుకని చుట్టాలు నవ్వేవారు. వెనకాల అందరూ మైకు పెద్దమ్మ అనేవారు.

ఆ గొంతుకి ఎక్కువగా బలైంది చెల్లెలి కూతురు. కళ్లద్దాల షాపులో ఉద్యోగం, లారీ నడిపే మొగుడు, పెళ్లై మూడేళ్లు. పిల్లలు కావాలని ఆ పిల్లకి ప్రాణం కొట్టుకుంటోంది. నెలనెలా అత్తగారు "ఈసారీ అంతేనా?" అని నిట్టూర్చినప్పుడల్లా అన్నం సయించేది కాదు.

ఓ సాయంత్రం షాపు నుంచి అత్తారింటికి వస్తుంటే పెద్దమ్మ మెట్ల దగ్గరే పట్టుకుంది.

"ఏమే, అండం విడుదలైందా?"

రెండో అంతస్తులో ఆరేస్తున్న దుప్పటి ఎవరి చేతిలోంచో జారి కిందపడింది.

"పెద్దమ్మా, మెల్లగా!"

"ఎందుకే, దొంగ సరుకా? చెప్పు."

"పద్నాలుగో రోజు కదా. ఆయన ప్రతి నెలా సరిగ్గా అప్పటికే సెలవు పెట్టుకుని వస్తున్నారు. ఈసారి ఈ శనివారమే."

"నీకు నెలసరి ఎన్నాళ్లకొస్తుంది?"

"ముప్ఫై అయిదు..."

"ముప్ఫై అయిదా! అయితే లెక్క వెనక్కి వెయ్యాలే. వచ్చే నెలసరికి దాదాపు రెండు వారాల ముందు విడుదలవుతుంది. నీకు ఇరవై ఒకటో రోజుకి అటూ ఇటూ. అప్పటికి నీ మొగుడు లారీ ఎక్కేస్తున్నాడు!"

"రోజూ పొద్దున్నే థర్మామీటరు పెట్టుకుంటున్నానుగా!"

"ఒంటి వేడి పెరిగేది అండం విడుదలయ్యాక. అది బస్సు వెళ్లిపోయాక లేచే దుమ్ము. తెల్లబట్ట పచ్చి గుడ్డు సొనలా సాగుతోందేమో చూసుకో. ఆ రోజులే మీవి. అప్పటికీ కాకపోతే డాక్టరు దగ్గరికెళ్లండి. ఇద్దరూ!"

పైన తలుపు తెరుచుకుంది. అత్తగారు! ఆ పిల్ల పెద్దమ్మ కొంగు పట్టి లాగింది.

"ఇదంతా ఆవిడ వినాలా?" అంది ఏడుపు గొంతుతో.

పెద్దమ్మ చెవి దగ్గరికి వంగి, గాలి ఊదినంత మెల్లగా అంది. "వినాలనేగా ఇక్కడ అడిగింది. మా అత్తగారికి ఇలా అరిచి చెప్పే దిక్కు నాకు లేకపోయిందే."

ఆ పిల్లకి కోపమంతా ఎటో పోయి, పెద్దమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

అత్తగారు నాలుగు మెట్లు దిగి ఫోను చెవిన పెట్టుకుంది. లారీ హోరులో కొడుక్కి వినపడాలి కదా, ఆవిడా గొంతెత్తింది.

"ఒరే, బండి పక్కకి ఆపి విను! ఈ శనివారం రాకు, పైవారం రా! ఎందుకేమిట్రా? అప్పటిదాకా అండం రాదట! ఇన్నాళ్లూ తప్పు నీ సెలవుది, పిల్లది కాదు!"