నీడ పువ్వు

మా వారు కలంకారీ అద్దకం పనివారు. పెడనలో మా ఇంటి పంచలో పొడవాటి బల్ల ఉంది. దాని మీద గుడ్డ పరిచి, చెక్క అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేవారు. మా ఇంట్లో ఆ చప్పుడుతోనే తెల్లవారేది. ఉడకబెట్టడం, కాలవలో జాడించడం నా పని.

ఆయన ఆఖరి రోజు గుడ్డ సగానికి వచ్చాక చప్పుడు వరస తప్పింది. వెళ్ళి చూస్తే అచ్చు జారింది. ఒక పువ్వు పక్కన దాని నీడలా ఇంకో పువ్వు పడింది.

"ఇదిగో, కాసిని మంచినీళ్ళియ్యి" అన్నారు.

గ్లాసుతో వచ్చేసరికి బల్ల మీదికి ఒరిగిపోయి ఉన్నారు.

ఆ గుడ్డను తర్వాత నేనే ఉడకబెట్టాను. ఉడికేకొద్దీ ఎరుపు తేలింది, పువ్వుకూ, దాని నీడకూ. ఆరబెట్టి పెట్టెలో దాచాను. ఆ తర్వాత అద్దకానికి అచ్చు నేను పట్టుకున్నాను.

గుడివాడలో బట్టల కొట్టున్న ఒకావిడ మా సరుకు కొనేది. "ఇప్పుడు కొట్టుకెవరొస్తున్నారు పిన్నిగారూ? అంతా ఫోనులోనే. మీరు ఫొటోలు పెట్టండి, నేను అమ్మిపెడతా" అంది. అప్పటికి నాకు చదువు రాదు. ఫోనులో మాట్లాడితే అది అక్షరాలుగా మారేది. నేనన్న మాటే కదా అని, ఏ గుర్తు ఏ శబ్దమో పోల్చుకుంటూ నేర్చుకున్నాను. ఒకరోజు పెట్టెలోని గుడ్డ ఫొటో కూడా ఫోనులో పెట్టి, కింద సొంతంగా రాశాను: 'ఇది అమ్మకానికి కాదండీ. మా వారు ఆఖరున వేసింది.' చాలామంది దండం పెట్టే బొమ్మలు పంపారు.

కొన్నాళ్ళకు గుడివాడ రైల్లో నా ఎదురుగా ఒకమ్మాయి కూర్చుంది. ఆమె చీర మీద మా పువ్వు. పక్కన దాని నీడ.

"ఎక్కడ తీసుకున్నావమ్మా?"

"ఆన్‌లైన్‌లో అండీ. మిషన్ ప్రింటులెండి. పెడన సరుకంత ఖరీదు ఎక్కడ పెడతాం!"

"ఈ పువ్వు చెదిరింది చూడు."

"చెదరడమేంటి పిన్నిగారూ, డిజైనే అది! జానెడుకొకటి ఉంది" అని నవ్వి కొంగు నా ఒళ్ళో పరిచింది.

నిజమే. జానెడుకొకసారి అచ్చు జారుతోంది. కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా ఆయన మంచినీళ్ళు అడుగుతూనే ఉన్నారు. గుడివాడ వచ్చేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ చీర నన్ను వదల్లేదు. అవనిగడ్డలో చుట్టాలింటికి వెళ్తే దండెం మీద ఆరుతోంది. బందరు బస్టాండులో టీ కొట్టు ముందు నిలబడి ఉంది. మంగినపూడిలో కార్తీక స్నానం చేసి, తడిగా సముద్రంలోంచి నా వైపే నడిచి వచ్చింది.

మిషన్ చీరలొచ్చాక నాకు ఆర్డర్లు పలచబడ్డాయి. బల్ల ఎత్తెయ్యాలేమో అనుకుంటుండగా కొట్టావిడ ఫోను చేసింది.

"పిన్నిగారూ, అదృష్టం మీది! నీడ పువ్వే కావాలంటున్నారు, అదీ చేత్తో వేసిందే. ఒప్పుకున్నారంటే ఏడాదంతా మీకు పనే."

"అది డిజైను కాదమ్మా."

"ఏదైతేనేంటండీ, జనానికి నచ్చింది. ఒకటి వేసి ఫొటో పెట్టండి."

ఆ పూటే పాతగుడ్డ ఒకటి పరిచాను. పువ్వు వేసి అచ్చు పక్కకి జరిపాను. నీడ మరీ దూరంగా పడింది. మళ్ళీ వేస్తే పువ్వు అలికినట్టయింది. బలం పెట్టి జరిపితే రాదని తెలిసింది. మణికట్టు దానంతటదే సడలాలి. ఇక చాలనుకుని, చివరిసారి ఊరికే వేశాను. అచ్చు జారింది.

పెట్టెలోని గుడ్డ తెచ్చి పక్కన పెట్టి చూశాను. అదే దూరం, అదే వాలు. చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. వెనకనుంచి మంచినీళ్ళు అడుగుతారేమోనని కదలకుండా నిలబడ్డాను.

ఎవరూ అడగలేదు. అయినా లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చాను. బల్ల పక్కన నిలబడి నేనే తాగాను.

తర్వాత ఫోను తీసి అక్షరం అక్షరం కూడబలుక్కుని రాశాను: 'ఆ పువ్వు నేను వేయనండీ. వేరేవి ఏవైనా చెప్పండి.'

వెంటనే జవాబొచ్చింది: 'ఏం పిన్నిగారూ, అంత కష్టమా?'

చదివాను. బల్ల మీది పాతగుడ్డ తీసి పొయ్యిలో పెట్టాను.