శ్రావణ శుక్రవారం నాడు స్క్రిప్టు చేసిన బోణీ

మా బీరువాలో జాకెట్ గుడ్డలు గుట్టలా ఎందుకు పెరిగిపోతున్నాయని అమ్మ రోజూ అడుగుతోంది. "డేటాబేస్ వల్లమ్మా" అంటే నమ్మట్లేదు. మీరైనా నమ్మండి, ప్లీజ్!

మా ఆఫీసు అబిడ్స్‌లో, ఒక చెప్పుల షాపు పైన. చిన్న కంపెనీ. దుకాణాలకి బిల్లింగ్ యాప్ ఇస్తాం. బిల్లులన్నీ క్లౌడ్‌లో మా డేటాబేస్‌లోకి వెళ్తాయి. మా కస్టమర్లలో పెద్ద తలకాయ సుల్తాన్ బజార్ నర్సింగరావు గారు. చీరలు, జాకెట్ గుడ్డల దుకాణం. బజారంతా ఆయన్ని సేటూ అంటుంది, నేను అంకుల్ అంటాను. ఆయన ఊ అంటే ఆ వరసలో దుకాణాలన్నీ మా యాప్ పెట్టుకుంటాయి. ఊహూ అంటే పీకేస్తాయి.

ఆషాఢం సేల్‌లో యాప్ నత్తనడక నడిచింది. బిల్లు కోసం నిలబడి నిలబడి, ఆడవాళ్ళు చీరలు కౌంటర్ మీదే వదిలేసి పోయారట. అంకుల్ ఫోన్ చేశారు.

"శ్రావణ శుక్రవారం దాకా సూస్త. గా దినం గూడ గిట్లనే సతాయించిందనుకో, మీ యాప్ బంద్! నాకు కాగితం బిల్లుబుక్కే ముద్దు."

మా బాస్ రఘు సార్ ఈ గండాన్ని తీసుకొచ్చి నా నెత్తిన పెట్టారు. "సింధూ, డేటాబేస్ నెమ్మదిస్తే ఆయన కంటే ముందు మనకి తెలియాలి. అంతే."

అంతే కదా! గోడ మీది టీవీలో డాష్‌బోర్డు పెట్టేశా. లోడ్‌కి ఒక చార్టు, బిల్లు పడటానికి పట్టే టైముకి ఇంకో చార్టు. గీత హద్దు దాటితే ఎర్రగా మారుతుంది, మా ఫోన్లకి అలర్టు వస్తుంది. నా పక్క సీటు ప్రవీణ్ అన్నకి ప్రతిదానికీ భయమే. లిఫ్టు ఎక్కే ముందు కూడా దాని సర్వీసింగ్ ఎప్పుడైందో కనుక్కుంటాడు. అందుకని ఆయన ఫోన్లో అలర్టు శబ్దానికి చంటిపిల్ల ఏడుపు పెట్టా. మోగినప్పుడల్లా కుర్చీలోంచి ఎగిరి పడేవాడు.

"నీకు దండం పెడత చెల్లే, తీసెయ్!"

"పెళ్ళయ్యాక పనికొస్తుందన్నా, అలవాటు చేసుకో!"

ఇంతలో ఒక చిక్కు. దుకాణం తెరవక ముందు బిల్లులుండవు కదా, చార్టులన్నీ ఖాళీ. డేటాబేస్ నిద్రపోతోందో, స్పృహ తప్పిందో తెలిసేదెలా? నాకో మహత్తరమైన ఆలోచన వచ్చింది. ఒక స్క్రిప్టు, అంటే తనంతట తానే నడిచే చిన్న ప్రోగ్రాము రాశా. అది తెల్లారిన దగ్గర్నుంచీ ఉండుండి 'టెస్ట్ కస్టమర్' పేరుతో ఒక జాకెట్ గుడ్డ బిల్లు కొడుతుంది. ఎంతసేపు పట్టిందో చార్టులో వేస్తుంది. వెంటనే బిల్లు రద్దు చేస్తుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు!

"టెస్టింగ్ కోసం యాప్‌ల ఉత్తుత్తి దుకాణం ఒకటి పెట్టుకున్నం గదా, దాని మీద నడపరాదు?" అన్నాడు ప్రవీణ్ అన్న.

"అసలు దుకాణం మీదైతేనే అసలు టైము తెలిసేది. ఊరుకో అన్నా, నువ్వు చాయ్‌లో బిస్కెట్ ముంచడానికి కూడా జంకుతావు!"

శుక్రవారం పొద్దున. స్క్రిప్టు నడిచే మొదటి రోజు. నాంపల్లిలో బస్సు దిగి నడుచుకుంటూ, ఫోన్లో డాష్‌బోర్డు చూసుకుంటూ వస్తున్నా. గీత చక్కగా, పచ్చగా సాగిపోతోంది. మొజంజాహీ మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి అంకుల్ ఫోన్.

"ఏడున్నవ్?"

"దారిలో ఉన్నా అంకుల్. మీ డేటాబేస్ అంతా పచ్చగా..."

"నా నెత్తి మండుతున్నది! జల్ది రా ఈడికి!"

ఆటో ఎక్కి పరుగు. దుకాణం లోపల సాంబ్రాణి పొగ. లక్ష్మీదేవి పటానికి ఇంత లావు బంతిపూల దండ. పటం కింద కౌంటరు, కౌంటరు మీద ప్రింటరు, ప్రింటరు నోట్లోంచి నేల దాకా ఒకటే కాగితం! రాత్రి నుంచీ ఆపేసి ఉన్న ప్రింటరుని అంకుల్ అగరొత్తులు వెలిగించి ఆన్ చేశారట. అంతే, నా స్క్రిప్టు పొద్దుట్నుంచి కొట్టిన బిల్లులన్నీ వరసపెట్టి కక్కేసింది.

"సదువు!" అన్నారు అంకుల్, కాగితం నా చేతిలో పెట్టి.

"టెస్ట్ కస్టమర్... జాకెట్ గుడ్డ... రద్దు."

"ఇంక సదువు!"

"టెస్ట్ కస్టమర్... జాకెట్ గుడ్డ... రద్దు."

"పొద్దుగాల పొద్దుగాల బోణీ అది! శ్రావణ శుక్రవారం బోణీ! లచ్చిమి లోపలికొచ్చుడు, మర్లిపోవుడు, వచ్చుడు, మర్లిపోవుడు! ఎవడీ టెస్ట్ కస్టమరు? ఏడుంటడు?"

"అది... నేనే అంకుల్."

చీరలు సర్దుతున్న వాళ్ళంతా వెనక్కి తిరిగి నవ్వు ఆపుకుంటున్నారు. బయట గిరాకీ నిలబడి ఉంది. అంకుల్ షట్టరు సగమే ఎత్తి ఉంచారు.

"డేటాబేస్ బతికుందో లేదో చూద్దామని..." నసిగాను.

"దాన్ని బతికించనీకి నా బోణీ సంపుతవా? నువ్వే ఖరాబ్ జేసినవ్, నువ్వే సక్కజెయ్. బోణీ జెయ్!"

చేతికందిన చిలకపచ్చ జాకెట్ గుడ్డ తీసుకున్నా. బిల్లు పడింది. ఈసారి రద్దు లేదు. అంకుల్ నోటు కళ్ళకద్దుకుని పెట్టెలో వేసి, షట్టరు పూర్తిగా ఎత్తించారు.

ఇక చూడండి జనం! నేను భయంతో అక్కడే ఒక మూల కూర్చుని ఫోన్లో చార్టు చూస్తున్నా. అంకుల్ కూడా తొంగి చూశారు.

"గీత పైకి పోతున్నదే! మంచిదేనా?"

"కాదంకుల్. లోడ్ పెరుగుతోంది."

"లోడంటే?"

"జనం."

"మరి మంచిది గాదంటవేంది!"

మధ్యాహ్నానికి గీత ఎర్రగా మారింది. వెంటనే ప్రవీణ్ అన్న ఫోన్. "చెల్లే, పిల్ల ఏడుస్తున్నది! సర్వర్ పెంచుతున్న, నువ్వు బిల్లులు సూడు!" కౌంటరు వైపు చూశా. ఒక్క బిల్లూ ఆగలేదు. గీత మెల్లగా దిగి పచ్చగా మారింది. నాకు గంతులెయ్యాలనిపించింది, అంకుల్ మాత్రం గీత దిగిందని దిగులు పడ్డారు.

సాయంత్రం పిలిచి చెప్పారు. "మీ యాప్ ఉంచుత. పక్క దుకాణపోళ్ళకు గూడ చెప్త. గని ఒక్క షరతు. నీ చెయ్యి మంచిగున్నది బిడ్డా. రేపు పొద్దుగాల గూడ బోణీకి రా."

ఆ రేపు ఇప్పటికీ అయిపోలేదు. స్క్రిప్టుని ఉత్తుత్తి దుకాణానికి మార్చేశా. రోజూ ఆఫీసుకి వెళ్ళే దారిలో సుల్తాన్ బజార్ వైపు తిరిగి, ఒక జాకెట్ గుడ్డ కొని, బిల్లు ఎంత త్వరగా పడిందో చూసుకుని మరీ వెళ్తున్నా.

నిన్న బస్సు దొరక్క కాస్త ఆలస్యమైంది. స్టాపులో అందరి మధ్యా నా బ్యాగులోంచి చంటిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. పక్కనున్న పెద్దావిడ కంగారుగా బ్యాగు వైపు చూసింది. ఫోన్ తీశా. నా బోణీ బిల్లు టైముకి పడకపోతే మోగేలా ప్రవీణ్ అన్న కొత్తగా పెట్టిన అలర్టు:

"టెస్ట్ కస్టమర్ స్పందించుట లేదు."