కేసులో లేని నొప్పి

యాప్రాల్‌లో మా ఇంటి ఓనరు ఆంటీకి నాటకాలంటే పిచ్చి. మిషన్ స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా రిటైరయ్యారు. చర్చిలో క్రిస్మస్ నాటకం మాత్రం ఇప్పటికీ ఆమె చేతుల మీదుగానే జరుగుతుంది. డైలాగులో ఒక్క ముక్క తప్పితే, గొర్రెల కాపరి వేషం కట్టిన పెద్దమనిషినైనా సరే, నిలబెట్టి దిద్దుతారు. నేను ఆ ఇంటి పై పోర్షన్‌లో అద్దెకుండే డాక్టర్ని. నా పరీక్ష కోసం ఆమె రోజూ సాయంత్రం రోగి అయ్యేవారు.

ఆ పరీక్ష ఇంగ్లండ్‌లో. గదికొక నటుడు రోగిలా కూర్చుని ఉంటాడు. మనం లోపలికి వెళ్ళి, ఎనిమిది నిమిషాలకు గంట మోగేలోపు అతని బాధేమిటో రాబట్టి, ఏం చేయాలో చెప్పాలి. నటుడికొక రూలుంటుంది. డాక్టరు అడగనిది తనంతట తాను చెప్పకూడదు. అడిగితే మాత్రం నిజమే చెప్పాలి. ఈ రూలు వినగానే ఆంటీ కళ్ళు మెరిశాయి. "మా స్కూలు పిల్లలకి ఈ రూలు పెట్టుంటే నా సర్వీసంతా హాయిగా గడిచేది," అన్నారు. కేసు అయ్యాక పదికి మార్కులు కూడా వేసేవారు. ఎన్నడూ ఏడు దాటనివ్వలేదు.

ఇంగ్లండే ఎందుకు అని అడిగేవాళ్ళకు చెప్పీ చెప్పీ నాకు విసుగొచ్చింది. నేను చదివింది బిష్కెక్‌లో. అక్కడి వార్డుల్లో ముసలమ్మలు రష్యన్‌లో చెప్పుకునే బాధలు నాకు సగమే అర్థమయ్యేవి. తిరిగొచ్చాక, విదేశాల్లో చదివిన డాక్టర్లకు ఇక్కడ పెట్టే స్క్రీనింగ్ పరీక్ష కిందా మీదా పడి పాసయ్యాను. ఇంటర్న్‌షిప్ చేశాను. రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాను. అయినా బేగంపేటలో ఏ ఇంటర్వ్యూకి వెళ్ళినా "ఎంబీబీఎస్ ఎక్కడ?" అన్న ప్రశ్న దగ్గరే కథ ఆగిపోయేది. ఊరి పేరు చెప్పగానే ఎదుటి మనిషి పెదాల మీద ఒక చిన్న నవ్వు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండేది. పీజీ సీటు అందలేదు. గల్ఫ్‌కు వెళ్దామంటే అనుభవం చాలదన్నారు. ఇక మిగిలింది ఆ గంట మోగే గదులే. అక్కడ నేనడిగే ప్రశ్నలను చూసి మార్కులు వేస్తారు, చదివిన ఊరిని చూసి కాదు.

ఆ శనివారమే నా ప్రయాణం. పరీక్ష రాశాక అక్కడే ఒక ఆస్పత్రిలో కొన్నాళ్ళు పని చూస్తూ ఉద్యోగం వెతుక్కోవాలని ఏర్పాటు. పై పోర్షన్ ఖాళీ చేస్తున్నానని ఆంటీకి అప్పటికే చెప్పేశాను.

సోమవారం సాయంత్రం ఆమెకు తలనొప్పి కేసు రాసిన కాగితం ఇచ్చాను. అంతకు ముందు ఆమే మెట్లెక్కి పైకి వచ్చేవారు. ఈమధ్య "నువ్వే కిందికి రా అమ్మాయ్, నా మోకాళ్ళు సహకరించట్లేదు," అంటున్నారు. ఆ వయసులో మోకాళ్ళ నొప్పి ఎవరికుండదు అనుకున్నాను. తలనొప్పి గురించి అడగాల్సినవన్నీ అడిగి, చివర్లో అలవాటు కొద్దీ, ఇంకెక్కడైనా నొప్పి ఉందా అన్నాను.

"నడిస్తే దవడ లాగేస్తుంది డాక్టర్. ఆగితే తగ్గుతుంది."

టైమరు ఆపేశాను. "ఏంది ఆంటీ, కేసుల లేనిది చెప్తున్నరు? నా టైమంత వేస్టయితది గదా!"

"అవునా? ఏదో నోటికొచ్చేసింది. పన్ను సలుపుతోందిలే, అదే గుర్తొచ్చుంటుంది," అన్నారు. నిజంగానే టీపాయి మీద లవంగ నూనె సీసా ఉంది.

పైకి వెళ్తూ సగం మెట్ల మీద ఆగిపోయాను. డైలాగు తప్పని మనిషి డైలాగు తప్పింది. పైగా నమిలితే నొప్పెట్టే పన్ను ఉంటుంది గానీ, నడిస్తే నొప్పెట్టే పన్ను ఉంటుందని ఏ దేశంలోనూ చెప్పరు. మెట్లెక్కడం మానేసింది మోకాళ్ళ వల్ల కాదేమో. ఆమెకు షుగరుంది. షుగరున్న మనిషికి గుండెలో తేడా వస్తే నొప్పి గుండెలోనే రావాలని లేదు. గబగబా కిందికి దిగాను.

"ఆంటీ, ఇప్పుడే పోయి ఈసీజీ తీయించుకుందాం పదండి."

"నాకేమైందని? వెళ్ళి చదువుకో."

"జెర నా మాట వినండి."

"వినను. శనివారం నిన్ను ఫ్లైటెక్కించి ఆ తర్వాత డెంటిస్టు దగ్గరికి వెళ్తా. ఇక తలుపేసుకోనీ."

తలుపు నా ముఖం మీదే పడింది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఈమె మొండితనానికి, సరిగ్గా ఈ వారమే రావలసిన ఈ నొప్పికి, చివరికి ఆ దిక్కుమాలిన విమానానికి కూడా తిట్లు పడ్డాయి.

తెల్లవారి కిందికి దిగేసరికి ఆంటీ గేటు పక్కన గట్టు మీద కూర్చుని ఉన్నారు. నేను చలికి శాలువా కప్పుకున్నాను. ఆమె నుదుటి నిండా చెమట. పాల ప్యాకెట్ దవడకు ఆనించుకుని ఉన్నారు.

"నొస్తుందా ఆంటీ?"

"లేదు. ఊరికే కూర్చున్నా."

"నిజం చెప్పుండ్రి."

"లేదన్నానా!"

మెల్లగా పట్టుకుని లోపల కుర్చీలో కూర్చోబెట్టాను. బలవంతాన బండెక్కించగలిగే మనిషి కాదు ఆమె. అరిస్తే ఇంకా మొండికేస్తారు. ఆ మొండితనంలోనే ప్రాణం పోతుందేమోనని నాకు భయం వేసింది. అప్పుడు తట్టింది. టీచరుగా ఈమె చచ్చినా చెప్పదు. రోగిగా అయితే చెప్పి తీరాలి. ఫోన్‌లో టైమరు పెట్టి, స్టూలు ఎదురుగా లాక్కున్నాను.

"కేసు షురూ చేద్దాం ఆంటీ."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రూలు మీకు ఎరికే గదా."

ఆమె కొంగుతో నుదురు తుడుచుకుని, రోజూ లాగే నిటారుగా కూర్చున్నారు. రోజూ ఇంగ్లీషులో అడిగే ప్రశ్నలు ఆ రోజు నా నోట తెలుగులో వచ్చాయి.

"నొప్పి యాడ మొదలైతది?"

"ఛాతీ మధ్యలో. బరువు పెట్టినట్టు. అక్కడి నుంచి దవడకి ఎక్కుతుంది."

"ఎప్పటి నుంచి?"

"క్రిస్మస్ రిహార్సల్స్ అప్పటి నుంచి. మొదట్లో మెట్లెక్కితేనే వచ్చేది. ఇవాళ పడుకుని ఉండగానే వచ్చింది."

"ఇప్పుడుందా?"

"ఉంది."

"ఎవరికన్న చెప్పారా?"

"లేదు."

"ఎందుకు చెప్పలే?"

ఆమె తల వంచుకున్నారు. "చెప్తే శనివారం ఒకరి ప్రయాణం ఆగిపోతుంది డాక్టర్."

మందులు పడకపోవడం గానీ, కడుపులో పుండు గానీ ఉన్నాయేమో అడిగి, ఆస్పిరిన్ నమిలించాను. ఒక చేత్తో నాడి పట్టుకునే అంబులెన్సుకు ఫోన్ చేశాను. మాట్లాడుతుండగానే టైమరు మోగింది.

"టైమైపోయింది," అన్నారు ఆంటీ. "ఏం చేయాలో చెప్పనే లేదు నువ్వు."

"దవాఖానకు పోవాలె. ఇప్పుడే. మీరు లేవొద్దు, ఒక్క అడుగు సుత వెయ్యొద్దు."

"సరే డాక్టర్," అన్నారు. ఎప్పుడూ వెక్కిరిస్తున్నట్టు పలికే ఆ మాటలో ఆ రోజు వెక్కిరింపు లేదు.

తిరుమలగిరి దగ్గర మిలిటరీ లారీల వరుసకు అంబులెన్సు ఆగిపోయింది. సైరన్ మోగుతూనే ఉంది, ఒక్క లారీ కదలదు. నా వేళ్ళ కింద నాడి ఒకసారి తడబడింది. మళ్ళీ కుదురుకుంది. నాకు దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, అయినా ఆంటీ దేవుడికీ మా అమ్మ దేవుడికీ కలిపే మొక్కాను. ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరుకు కేసంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మిషన్లోంచి ఈసీజీ కాగితం బయటికి వస్తుంటే ఇద్దరం కలిసే చదివాం. అతను వెంటనే లోపలికి కేకేశాడు. నేనెక్కడ చదివానని అక్కడ ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నానికల్లా స్టెంటు వేశారు. ఇంకొక పూట ఆలస్యమైతే కష్టమయ్యేదని పెద్ద డాక్టరు అన్నాక, వరండాలో ఒక మూలకు వెళ్ళి ఏడ్చేశాను.

గురువారం ఆమెను వార్డులోకి మార్చారు. చర్చి ఆడవాళ్ళు అప్పటికే వంతులు వేసుకున్నారు. శనివారం నుంచి ఎవరెవరు తోడుండాలో తేల్చుకుని, వాళ్ళు కాఫీకి వెళ్ళారు. ఆంటీ నన్ను దగ్గరికి పిలిచారు.

"నీ మార్కులు చెప్పలేదు కదూ. తొమ్మిది."

"ఒకటి ఎట్ల పోయింది?"

"ఒక ప్రశ్న వదిలేశావు. ఇంట్లో మీతో ఎవరుంటారని రోజూ అడిగేదానివి. ఆ రోజు అడగలేదు."

"నాకెరికే గదా ఆంటీ, అందుకే అడగలే."

"తెలిసినా అడగాలి. ఇప్పుడడుగు."

అడిగాను.

"నేనొక్కదాన్నే డాక్టర్. పైన ఒక అమ్మాయి ఉంటుంది, శనివారం దాకా."

నవ్వుతూనే అన్నారు. ఆ జవాబు వచ్చాక అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. దాని గురించి మీకేమైనా దిగులుగా ఉందా, అని. నేను అడిగితే ఆమె నిజం చెప్పాలి. చెప్తే నేను విమానం ఎక్కలేను. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. వదిలేద్దామా అనుకున్నాను. వదిలేస్తే ఆమె ముఖం మళ్ళీ చూడలేననిపించి, అడిగేశాను.

"అబ్బే, ఏమీ లేదు," అన్నారు ఆంటీ, నా కళ్ళలోకి సూటిగా చూస్తూ.

అన్నాళ్ళలో ఆమె రూలు తప్పింది అదొక్కసారే. నేను నమ్మినట్టు తలూపాను. శనివారం విమానం ఎక్కాను.