నాలుగు మూలలా పసుపు

మా అమ్మ లోకాన్ని నాలుగు రకాలుగా విడదీసింది. డీలక్స్, బెస్ట్, మీడియం, తాలు. గుంటూరు మిర్చి యార్డులో కాయలకు రకం కట్టే మాటలివి. ప్రత్తిపాడు దగ్గర మాకున్న మిరపచేను కల్లంలో కూర్చుని, తెల్లబారిన తాలు కాయలు ఏరి ఏరి ఆవిడకు ఆ చూపు వచ్చేసింది. చేను అమ్మేసి గుంటూరులో నా దగ్గరికి వచ్చాక ఏరడానికి కాయలు లేవు కాబట్టి మనుషుల్ని ఏరడం మొదలుపెట్టింది. పక్కింటి కోడలు బెస్ట్. మా మేనమామ మీడియం. నేను ఉద్యోగంలో బెస్ట్, మిగతా విషయాల్లో తాలు.

మిగతా విషయాలంటే నా కామిక్ పుస్తకాలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నేనొక మిర్చి కోల్డ్ స్టోరేజిలో సూపర్‌వైజర్ని. రైతులు తెచ్చిన బస్తాలు ఏ గదిలో ఏ వరసలో పేర్చాలో చూడటం నా పని. మీసాలు, బాధ్యతలు ఉన్న మనిషి ఆదివారం పూట పాత పేపర్ల కొట్టులో చతికిలబడి బొమ్మల పుస్తకాలు వెతుక్కోవడం ఎంత గౌరవంగా ఉంటుందో మా వీధివాళ్ళందరూ నాకు విడివిడిగా చెప్పారు.

ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని చదువుతుంటే ఒకరోజు అమెరికాలో ఓ కంపెనీ సంగతి తెలిసింది. మన కామిక్ పంపితే వాళ్ళు అట్ట, మూలలు, పిన్నులు, కాగితం రంగు అన్నీ చూసి పదికి ఇన్ని అని మార్కులేస్తారు. ఆపైన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, సీలు చేసి తిరిగి పంపుతారు. ఇక ఆ పుస్తకాన్ని ఎవరూ చదవకూడదు. పెట్టె పగలగొడితే మార్కులు చెల్లవు. చదవడానికి వీల్లేని పుస్తకానికే ధర ఎక్కువ. ఈ ముక్క చదవగానే నాకు వాళ్ళ మీద అపారమైన గౌరవం కలిగింది. మా యార్డులో కూడా కాయలకు ధర చెప్పేవాడెవడూ వాటిని తినడు.

పుస్తకాలను చల్లగా, చీకటిగా, పొడిగా ఉంచాలని కూడా వాళ్ళు రాశారు. చల్లటి చీకటి గదుల తాళాలు నా జేబులోనే ఉన్నాయి. ఇంకేం, ఓ డజను కామిక్కులు అట్టపెట్టెలో పెట్టి మిర్చి బస్తాల వెనక దాచాను. కొన్నాళ్ళకి వాటిలో రెండింటిని బెంగుళూరులో ఒకాయనకు అమ్మితే, కవరు విప్పగానే ఇంటిల్లిపాదీ తుమ్మారని, తను మూడుసార్లు మొహం కడుక్కున్నానని ఈమెయిల్ రాశాడు. మర్యాదస్తుడు, పుస్తకాలు వెనక్కి పంపలేదు. ఘాటుకి మార్కులుండి ఉంటే నాకు పదికి పన్నెండు వచ్చేవి.

అసలు సరుకు దొరికింది మాత్రం ఒక్కటే. పొగాకు కంపెనీలో పనిచేసి వెళ్ళిపోయిన ఏ దొరగారి సామానులోదో, పాత పేపర్ల కట్టలో ఒక అమెరికా కామిక్ కనిపించింది. అట్ట మీద ఒక ఆక్టోపస్ దీపస్తంభాన్ని చుట్టుకుని ఉంటే, ఈతగాడొకడు నోట్లో కత్తి పెట్టుకుని దాని మీదికి వెళ్తున్నాడు. మొదటి సంచిక. మూలలు ఇంకా పదునుగా ఉన్నాయి. కొట్టు సాయిబుగారు దాన్ని తక్కెట్లో వేస్తూ, "పిల్లలకా సార్?" అన్నాడు. నాకే అన్నాను. "పర్లేదులెండి, ఎవరి బాధ వాళ్ళది" అని ఓదార్చాడు.

ఇంటికి తెచ్చి అమ్మకు చూపించాను. వేళ్ళతో అట్ట తడిమి, వాసన చూసి, "ఏ ఏటి పంటరా ఇది?" అంది.

"నేను పుట్టకముందుదమ్మా."

"మరింకేంది. తాలు. తీసి అవతల పారెయ్."

నా కోరికల్లా ఆవిడ నోటి వెంట డీలక్స్ అన్న మాట వినాలని. నా పుస్తకం గురించి అంటే చాలు, నన్ను గురించి అన్నట్టే తీసుకుందామనుకున్నాను. ఆ వయసులో తల్లి మెప్పు కోసం పాకులాడానని రాయడానికి సిగ్గుగానే ఉంది.

నా తరఫున సాక్ష్యం చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒకాయన కారులో వచ్చాడు. ఇలాంటివి కొనడమే ఆయన వ్యాపకం. చేతులు కడుక్కుని, తుడుచుకుని, తెల్ల గ్లౌజులు తొడుక్కుని, నా ఆక్టోపస్‌ని పట్టుకుని చాలాసేపు నోరు మెదపకుండా చూశాడు. తర్వాత, "పంపండి, ఎనిమిది దాటుతుంది. రాగానే నేనే తీసుకుంటాను" అన్నాడు.

ఆయన వెళ్ళేదాకా అమ్మ వంటింటి గడపలోనే నిలబడింది. యార్డులో కొనేవాడు సరుకుని తిడుతున్నంతసేపూ అది మామూలు బేరమేనని, నోరు మూసుకుంటే మాత్రం కాయ మేలైనదని ఆవిడ లెక్క. "ఆయన మాట్లాళ్ళేదురా" అంది నాతో. ఇంకోసారి పుస్తకం తెరిచి చూసి, నెమ్మదిగా, "డీలక్సే" అంది. నేను ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఆ పొంగులో నేనొక సంగతి మర్చిపోయాను. మా ఇంట్లో విలువైన వస్తువు ఏదైనా సరే పసుపు తప్పించుకోలేదు. ఫ్రిజ్జుకి పెట్టింది. నా బండికి పెట్టింది. పొలం పాసుపుస్తకానికి చేను అమ్మే ముందు సంవత్సరం దాకా పెట్టింది. దసరాల్లో సరస్వతీ పూజ రోజున నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి, దేవుడి అరలో పంచాంగం పక్కన నా ఆక్టోపస్ కూర్చుని ఉంది. నాలుగు మూలలా నాలుగు పసుపు బొట్లు, బొటనవేలంత. నేను భద్రంగా తొడిగిన ప్లాస్టిక్ కవరు మడతపెట్టి పక్కన ఉంది. కవరు మీద పెడితే పుస్తకానికి ఎట్టా అందుద్ది అని ఆవిడ ఉద్దేశం. తాలు అన్నన్నాళ్ళూ దాని జోలికి రాలేదు. నేనే బతిమాలి డీలక్స్ చేయించుకున్నాను.

నేను అరిచాను. పండగపూట, వీధి తలుపు తీసి ఉండగా, బుద్ధుందా అని మా అమ్మని అడిగాను. నా బతుకులో పనికొచ్చే వస్తువు ఒక్కటుంటే దాన్ని నాశనం చేశావన్నాను. ఆవిడ చేతిలో కుంకుమ భరిణె అట్లానే ఉంది.

పుస్తకం తీసుకుని పెరట్లోకి వెళ్ళి, మెత్తటి గుడ్డకి సబ్బునీళ్ళు అద్ది ఒక మూల రుద్దాను. పసుపుకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మా ఊళ్ళో చొక్కా గుండీ పెట్టుకోవడం రాని పిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. కోపంలో ఉన్న పెద్దమనిషికి అలాంటి చిన్న విషయాలు గుర్తుండవు. మూల ఎర్రగా తిరిగింది. కంగారుగా ఇంకా రుద్దితే రంగుతో పాటు కాగితం పొర లేచి వచ్చింది.

"పోయిందా?" అని లోపలి నుంచి అడిగింది.

"నువ్వు మాట్లాడకు" అన్నాను.

ఆ మూల సంగతి ఎవరికీ చెప్పలేదు. మొండితనం కొద్దీ పుస్తకాన్ని అమెరికాకి పంపాను. ఆవిడ మాత్రం ఆ రోజు నుంచి రకం కట్టడం మానేసింది. కూరగాయలబ్బాయి గుమ్మంలో వంకాయలు పరిస్తే, "నాకేం తెలుసు నాయనా, నువ్వే ఏరిపెట్టు" అనేది. వాడు పుచ్చులు వేసేవాడు. అవే వండేది, నేను నోరెత్తకుండా తినేవాణ్ణి.

వేసవిలో పార్సెల్ వచ్చింది. ప్లాస్టిక్ పెట్టె నిజంగానే దివ్యంగా ఉంది. పైన అంకె మూడు. కూడా ఒక కాగితం ఉంది: మూడు మూలల్లో పసుపు మరకలు, స్వల్పం. నాలుగో మూలలో ఎర్ర మరక, రుద్దడం వల్ల పైపొర ఊడింది, తీవ్రం. సముద్రాల అవతల నన్నెరగని మనిషెవరో, నేను మా పెరట్లో చేసిన నిర్వాకమంతా ఒక్క లైనులో రాసేశాడు.

"ఎన్నేశారు?" అంది అమ్మ.

"మూడు."

"పదికా?"

"పదికే."

"నావల్లేగా" అంది. అడగలేదు, అన్నది.

కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆవిడకి తెలుగే కూడబలుక్కోవాలి. నేను ఊరుకుంటే అంతటితో అయిపోయేది. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. కానీ ఆ పుచ్చు వంకాయలు ఎన్నాళ్ళు తినను? కూర్చోబెట్టి, ఆ కాగితం తెలుగులో చెప్పాను. "నువ్వు పెట్టిన వాటికి పెద్దగా తగ్గించలేదమ్మా. నాలుగోది నేను సబ్బు పెట్టి రుద్దా. మార్కులన్నీ అక్కడే పోయినయ్. ఆ రోజు నిన్ను అన్న మాటలు నన్ను నేను అనుకోవాల్సినవి."

"పసుపుకి సబ్బు పెట్టావా?" అంది.

"పెట్టా."

పెట్టెని వెలుతురులోకి తీసుకెళ్ళి నాలుగు వైపులా తిప్పి చూసింది. "తాలు" అంది.

"పుస్తకమా?"

"నువ్వు."

ఆ సాయంత్రం ఆవిడ కూరగాయలబ్బాయి వంకాయల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, వాడినీ వాడి తోటనీ కలిపి తాలులో పడేసింది. నాకు ప్రాణం లేచివచ్చింది. హైదరాబాదు ఆయన అంకె వినగానే ఫోన్లో ఎంతో సంస్కారంగా దగ్గి, వేరే పని ఉందన్నాడు.

మళ్ళీ దసరా వచ్చింది. పూజ రోజున అమ్మ ఆ ప్లాస్టిక్ పెట్టెని తనే తెచ్చి దేవుడి అరలో పెట్టింది. ఇంట్లో ఏ పనికీ నన్ను అడగని మనిషి, పసుపు గిన్నె పట్టుకుని నా వైపు తిరిగి, "పెట్టనా?" అంది.

ఆ ఒక్క మాటకి నేను తలెత్తలేకపోయాను. పెట్టమ్మా అన్నాను.

పెట్టె మీద మూడు మూలల్లో బొట్లు పెట్టింది. గిన్నె నా చేతికిచ్చి, "ఆ మూల నీది" అంది.