మామయ్య పెరట్లో షాక్ వేవ్

పెళ్లయ్యాక మొదటిసారి అరకు పైన కొండమీదున్న అత్తారింటికి వెళ్లినప్పుడు, "ఏటి బాబూ నువ్వు సదివింది?" అని మామయ్య అడిగాడు. షాక్ వేవ్‌లు గోడకి తగిలి వెనక్కి మళ్లడం మీద పీహెచ్‌డీ చేశానన్నాను. షాకు అనేసరికి అత్తయ్య లోపలికెళ్లి, చెడిపోయిన మిక్సీ తెచ్చి నా ముందు పెట్టింది. మా ఆవిడ నవ్వాపుకోలేక కాఫీ తోటలోకి పారిపోయింది.

పరువు దక్కించుకోవాలని మామయ్యకి వివరంగా చెప్పాను. గొట్టం మధ్యలో పొర అడ్డంపెట్టి, ఒక పక్క గాలి దట్టించాలి. పొర చిరగ్గానే ధ్వనికన్నా వేగంగా ఒక అల రెండోపక్కకి దూసుకుపోతుంది. ఆ కొస మూసి ఉంటే తగిలి వెనక్కి మళ్లుతుంది. అప్పటికే నొక్కుకుపోయిన గాలిని మళ్లీ నొక్కుతుంది కనక అక్కడ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది.

"అంటే ఎల్లినప్పటికన్నా వొచ్చినప్పుడే జోరెక్కువ," అన్నాడు మామయ్య. "మీ అత్త సంతకెళ్లొచ్చినట్టు."

"నాకినబడతంది," అంది అత్తయ్య వంటింట్లోంచి.

"సప్పుడవుద్దా బాబూ?" అని గొంతు తగ్గించి అడిగాడు. గట్టిగానే అవుతుందన్నాను. పెరట్లో పనసచెట్టు నిండా కోతులు. వాటివైపు చూస్తూ ఆయన లేచి నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే మిగిలిపోయిన ఇనప నీళ్ల గొట్టం, మందపాటి ప్లాస్టిక్ ముక్క, సైకిల్ పంపు సిద్ధం చేశాడు. కొసకి నేను చెక్క బిరడా బిగించాను.

"అది తీసెయ్యి బాబూ. సప్పుడు బయటికి రావొద్దా?"

"కొస మూస్తేనే మావయ్యా, నా చదువు."

పంపు ఆయనే కొట్టాడు. కొట్టగా కొట్టగా పొర ఢామ్మని చిరిగింది. బిరడా ఎగిరి పనసచెట్టు దాటిపోయింది. మూసిన కొస దగ్గర ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఒక అధ్యాయమంతా రాసినవాణ్ని, ఆ బిరడా వెనక ఒక్క రాయైనా దన్ను పెట్టలేదు!

అయితేనేం, కోతులన్నీ దూకి ఎదుటి కొండవైపు పరుగు. నేను చొక్కా సర్దుకునేలోపే ఆ కొండకి తగిలి చప్పుడు మళ్లీ వినబడింది. అది షాక్ వేవ్ కాదు, మామూలు ప్రతిధ్వని. కోతులు ఆ తేడా పట్టించుకోలేదు. గిరుక్కున తిరిగి, తెరిచున్న పెరటి గుమ్మంలోంచి తిన్నగా వంటింట్లోకి దూరాయి.

గిన్నెలు పడ్డాయి. అత్తయ్య కేకలు, కోతుల కీచులు. ఆఖరి కోతి బెల్లం ముద్దతో బయటపడింది. దాని వెనక పప్పుగుత్తితో అత్తయ్య వచ్చి మా ఎదుట ఆగింది.

మామయ్య పంపు మెల్లిగా నా చేతిలో పెట్టాడు. "పెద్ద సదువులు గదా, నాకేటి తెల్దు," అన్నాడు.

కొత్తల్లుణ్ని కనక నన్నేమీ అనలేదు. ఆయన్ని మాత్రం అత్తయ్య సాయంత్రం దాకా వదల్లేదు.