ఆదివారం మోగని అలారం

షెన్‌జెన్‌లోని ఆ చిన్న ఫోన్ల కంపెనీలో వేన్‌షు చూసి "సరే" అనందే ఏ ఫోనూ గడప దాటదు. నలభై దాటిన మనిషి, నోరు కొంచెం పెద్దది. కొత్త ఫోనుకు ఏదో ఒక వంక పెట్టకపోతే ఆవిడకు టీ గొంతు దిగదని కుర్రాళ్ళు వెనకాల నవ్వుకునేవారు, ఎదురుపడితే మాత్రం "షు అక్కా" అంటూ ఒదిగిపోయేవారు. ఆవిడ పట్టుదల ఒకటే. కొన్నవాడు పెట్టె విప్పిన రోజే ఫోను నిక్షేపంగా పనిచేయాలి. మనం పని నేర్చుకోవడానికి వాడి నెత్తే దొరికిందా అని అడిగేది.

ఈసారి విడుదల అక్టోబరు పండగ ముందు శుక్రవారం. పెట్టెలన్నీ అప్పటికే దుకాణాలకు చేరిపోయాయి. బుధవారం చెల్లెలు సూపింగ్ ఫోన్ చేసింది. ఆవిడ సిటీ బస్సు డ్రైవరు, తెల్లవారే మొదటి బండి ఆవిడదే. అక్క చేతి మీదుగా వస్తున్న ఫోనని ముందే బుక్ చేసుకుని, డిపో అంతా చెప్పుకుంది.

"ఈ ఆదివారం డ్యూటీ ఉందే అక్కా. నీ ఫోను లేపుతుందా, పాత గడియారం దులుపుకోనా?"

పండగకు వారం సెలవిచ్చి, బదులుగా ముందటి ఆదివారం పని చేయించుకోవడం అక్కడ ఏటా ఉన్నదే. జనం తిట్టుకోని ఏడాదీ లేదు. పనిరోజుల్లో మాత్రమే మోగే అలారానికి ఇలాంటి ఆదివారాలు తెలిసి ఉండాలి. లేపకేం, నిశ్చింతగా పడుకోమంది వేన్‌షు. ఎందుకైనా మంచిదని ఫోనులో తేదీని ఆదివారానికి జరిపి చూసింది. అలారానికి ఉలుకూ లేదు, పలుకూ లేదు.

ఆవిడ మళ్ళీ జరిపి చూసింది, అదే తీరు. ఇంతమంది ఇన్నాళ్ళు వాడి చూశారే, ఒక్కరికీ తట్టలేదేం? తట్టదు మరి. ఆ ఆఫీసులో ఆదివారమంటే ఏమిటో ఎవరికి తెలిసి ఏడిసింది గనక! వారమంతా పనే కాబట్టి వారమంతా మోగే అలారమే అందరూ పెట్టుకున్నారు. వేన్‌షు కూడా అంతే.

సాయంత్రానికి కుర్రాళ్ళు తప్పు దిద్దేశారు. అయితే ఆ దిద్దుబాటు ఫోనులోకి రావాలంటే కొన్నవాడు అప్‌డేట్ నొక్కాలి. కొత్త ఫోను చేతికొచ్చిన సంబరంలో ఎవడు నొక్కుతాడు? "తర్వాత" అని తోసేస్తాడు. ఈ మాట శుక్రవారం విడుదల సభలో వేదిక మీదే చెప్పమని ఆవిడ కంపెనీ యజమాని పాన్‌ను అడిగింది. ఆయన వినలేదు. లోకమంతా ముందు అమ్మి తర్వాతే దిద్దుకుంటోందట, కొన్నవాళ్ళు రెండ్రోజులు గొణిగి ఊరుకుంటారట.

"ముహూర్తం వేళ తుమ్మమంటావా షు?"

"తుమ్మితే నవ్విపోతారు పాన్ సార్. ఆదివారం పొద్దున బస్సు రాకపోతే ఏడుస్తారు. సరే అన్నది నేనే, తప్పు నాదేనని చెప్పండి. చెప్పలేరా, ఇకమీదట నా 'సరే' మీకు అక్కర్లేదు."

ఆయన తలుపు వేసుకున్నాడు. ఉద్యోగం పోయినట్టేనని వేన్‌షు బల్ల కూడా సర్దుకుంది.

శుక్రవారం వేదిక మీద పాన్ కెమెరా గురించి చెప్పాడు, బ్యాటరీ గురించి చెప్పాడు, చప్పట్లు కొట్టించుకుని మెట్లు దిగబోయాడు. మింగేశాడు మహానుభావుడు అనుకుంది వేన్‌షు. ఆయన మెట్టు మీద ఆగి వెనక్కి వచ్చాడు.

"ఒక్క మాట. ఈ ఫోనుకు ఈ ఆదివారం పనిరోజని తెలియదు. తప్పు మాది. అప్‌డేట్ నొక్కండి, లేదంటే ఈ ఆదివారానికి అలారం మీ చేత్తోనే పెట్టుకోండి."

హాలు ఘొల్లుమంది. దేశంలో సెలవు దొరికింది దీనికొక్కదానికేనని ఎవడో అరిచాడు. వేన్‌షుకు కళ్ళనీళ్ళు వచ్చాయి, నవ్వూ వచ్చింది. పెద్దమనిషి చిన్నబోయి కూడా నిజం ఒప్పుకున్నాడని పొంగిపోయింది.

చెల్లెలు అప్‌డేట్ నొక్కానంది. అయినా మనసు ఊరుకుంటుందా? ఆదివారం తెల్లవారకముందే వేన్‌షు బస్‌స్టాపుకు వెళ్ళి నిలబడింది. ఆవలింతలతో ఒక్కొక్కరే వచ్చి చేరారు. వేళకు బండి వచ్చింది, తలుపు తెరుచుకుంది. స్టీరింగ్ దగ్గర సూపింగ్ మొహం గంటు పెట్టుకుని ఉంది.

"నీ ఫోను పాడుగానూ! పండగ ముందు కాసేపు పడుకోనిచ్చిందా?"

ఆ తిట్టు వేన్‌షు చెవిన అమృతంలా పడింది. ఆఫీసు అటువైపు కాదని తెలిసీ బస్సెక్కి, ముందు సీట్లో చెల్లెలి పక్కనే కూర్చుంది.