సీతారత్నం పిన్ని గీసిన ముఖం

డ్రాయింగు మాస్టారు ఊరు విడిచి వెళ్ళిపోయినందుకే సీతారత్నం పిన్ని బొట్టు తీసేసిందని మా వీధిలో చెప్పుకున్నారు. ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆవిడ పెట్టెలో మగవాడి బొమ్మలు దొంతరగా ఉన్నాయనీ, అన్నీ ఒకే మనిషివనీ, ఆ మనిషి ప్రకాశరావు మాస్టారు కాక ఇంకెవరనీ అంటారు. బొమ్మలు ఉన్నమాట నిజం. అన్నీ ఒకే మనిషివన్నదీ నిజమే. ఆయన డ్రాయింగు క్లాసుకి ఆవిడకి తోడుగా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చున్నదాన్ని నేను. అందుకని నాకు తెలిసింది రాస్తున్నాను.

పిన్ని మాకు చుట్టం కాదు. అమలాపురంలో మా పక్క పెంకుటింట్లో ఒక వాటా తీసుకుని అత్తగారు కనకమ్మ మామ్మతో ఉండేది. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పేది. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే ఆవిడ భర్త నూకరాజు గారు రంగం వెళ్ళారు. రంగూనును మావైపు రంగం అనేవారు. అక్కడి బియ్యం మిల్లుల్లో పనికి కాకినాడలో ఓడ ఎక్కి చాలామంది వెళ్ళేవారు. యుద్ధం వచ్చి రంగం మీద బాంబులు పడ్డాక, బతికినవాళ్ళు కొండలూ అడవులూ పట్టుకుని నడిచి వచ్చారు. ఆయన రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు.

కబురు రాకపోవడానికి ఒక కారణం ఉంది. ఓడ బయల్దేరే రోజున ఎవరో కూలి రాకపోతే, ఆ మనిషి పేరు మీద ఉన్న టిక్కెట్టుతో, కూలీలని తీసుకెళ్ళే మేస్త్రీ నూకరాజు గారిని ఎక్కించేశాడట. సాగనంపడానికి వెళ్ళినవాళ్ళు ఆ పేరేమిటో అడగలేదు. ఓడలోనూ మిల్లులోనూ ఆయన్ని ఆ పేరుతోనే పిలిచి ఉంటారు. రంగం నుంచి తిరిగివచ్చినవాళ్ళు ఫలానా ఊళ్ళో ఉన్నారని తెలిస్తే చాలు, పిన్ని వెళ్ళి అడిగేది. నూకరాజన్నవాణ్ణి ఎరగమనేవారు. మనిషి ఎలా ఉంటాడని వాళ్ళు అడిగితే చామనచాయ, మధ్యరకం ఎత్తు, ఉంగరాల జుట్టు అని చెప్పేది. మురమళ్ళలో ఒక ముసలాయన అది విని, అలాంటివాళ్ళు ఓడ నిండా ఉన్నారమ్మా అన్నాడట. చూపించడానికి ఫోటో లేదు.

అలా పదేళ్ళు గడిచాయి. తను ముత్తైదువో కాదో ఆవిడకి తెలియదు. పేరంటానికి పిలిస్తే వెళ్ళేది గాని తాంబూలం అందుకునేటప్పుడు చెయ్యి కాస్త వెనక్కి పోయేది. ఆ చెయ్యి చూసి కొందరు పిలవడం మానేశారు. కనకమ్మ మామ్మ మాత్రం పొద్దున్న లేవగానే కోడలి నుదురు చూసేది. బొట్టు కనిపిస్తే గాని కాఫీ తాగేది కాదు.

ఊళ్ళో కాలేజీ వచ్చిన కొత్తల్లో సాయంత్రం పూట డ్రాయింగు క్లాసు పెట్టారు. గీత గీయడం దగ్గర్నుంచీ నేర్పి గవర్నమెంటు లోయరు పరీక్షకి పంపుతారు. కాలేజీలో చదవనివాళ్ళు కూడా చేరవచ్చు. కుట్టు టీచరుకి లోయరు ఉంటే ఉద్యోగం గట్టిపడుతుందని బడిలో అన్నారు. పిన్ని అందరికీ ఆ కారణమే చెప్పింది. ఒంటరిగా వెళ్ళడం బాగుండదని నన్ను తోడు అడిగింది. నా చదువు థర్డు ఫారంలో ఆగిపోయి అప్పటికి చాలాకాలం అయింది, ఇంట్లోనే ఉండేదాన్ని. మా అమ్మ సరేనంది. మొదటిరోజు మేడమెట్లు ఎక్కుతూ పిన్ని వెనక్కి తిరిగి, ఎవరూ లేరని చూసుకుని, నన్ను అడిగింది.

“ఇక్కడ మనిషి మొహం గీయడం నేర్పుతారంటావా, అన్నపూర్ణా?”

నాకు తెలియదన్నాను.

ప్రకాశరావు మాస్టారిది రాజోలు దగ్గర పల్లె. క్రైస్తవులు. సన్నగా, ఎప్పుడూ ఉతికిన తెల్లచొక్కాతో ఉండేవారు. కాలేజీ కుర్రాళ్ళని కూడా అండీ అనేవారు. మొదట్లో గీతలే గీయించారు. నిలువు గీతలు, అడ్డగీతలు, చేత్తో గుండ్రాలు. తర్వాత ఆకులూ లతలూ ఉన్న నమూనా పెట్టి, కాగితం మధ్యగా ఒక నిలువు గీత గీసుకోమన్నారు. ఆ గీతకి ఎడంపక్క సగం గీసి, అదే కొలతతో కుడిపక్కకి దించాలి. కుర్రాళ్ళకి రెండు పక్కలూ కలిసేవి కావు. పిన్నికి చిటికెలో పని. రోజూ వాకిట్లో ముగ్గు వేసే చెయ్యి. చుక్కలు పెట్టి, ఒక పక్క మెలిక తిప్పినట్టే రెండో పక్కా తిప్పేసేది. మాస్టారు ఆ కాగితం ఎత్తి క్లాసంతటికీ చూపించారు. పిన్ని తలవంచుకుని పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది.

కుండ దగ్గరకి వచ్చేసరికి తిరగబడింది. బల్ల మీద మంచినీళ్ళ కుండ పెట్టి చూసింది చూసినట్టు గీయమంటే, పిన్ని కుండ మూతిని పూర్తి గుండ్రంగా, పున్నమి చంద్రుడిలా గీసింది. కుండ మూతి గుండ్రంగానే ఉంటుంది కదండీ అంది. ఉంటుందండీ, మీకు కనపడుతున్నది అలా ఉందా అని మాస్టారు అడిగారు. పెన్సిలు చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలు జరుపుతూ మూతి వెడల్పెంతో ఎత్తెంతో కొలవడం చూపించారు. ఆవిడ బల్ల పక్కన నిలబడి ఆయన ఒక కన్ను మూశారు, పిన్ని కూడా మూసింది. సరిగ్గా అప్పుడు మజ్జిగ అమ్మే లోవమ్మ గుమ్మం దగ్గర కుండ దించింది.

మర్నాడు కాలవ రేవులో బట్టలు ఉతికేవాళ్ళందరికీ ఆ సంగతి తెలిసిపోయింది. నేను వెళ్ళేసరికి లోవమ్మ చేసి చూపిస్తోంది.

“ఆయనొకటి మూసేడు, ఈవిడొకటి మూసింది. పట్టపగలేనండి, ఆయ్! బొమ్మలు నేర్చుకోడానికి కన్ను కొట్టుకోవాలేంటండి?”

అందరూ నవ్వారు. అది కొలత అని నేను చెప్పవచ్చు. నాకు నలుగురిలో నోరు పెగలదు. చెప్పినా, కొలత అన్నమాటకి ఇంకొంచెం నవ్వి ఉండేవారు. పిన్నికి కూడా ఆ మాట చేరింది. ఆ సాయంత్రం మామూలుగానే క్లాసుకి బయల్దేరింది.

ఒక్కసారి మాత్రం ఆవిడ మాస్టారిని నోరు తెరిచి అడిగింది. ఎదురుగా లేని మనిషిని గీయవచ్చా అని. ఎవర్ని అని ఆయన అడగలేదు. ఎదురుగా ఉన్నదాన్ని చూడటం ఒకటే నాకు చేతనైన విద్యండీ, లేనిదాన్ని గీయడం నేను నేర్పలేను అన్నారు. మనిషి ముఖం లోయరులో లేదని కూడా చెప్పారు. పిన్ని సరేనండీ అని కూర్చుంది.

ఇంటి దగ్గర మాత్రం గీస్తూనే ఉండేది. మధ్యాహ్నాలు వసారాలో చాప మీద బోర్లా వాలి, కాగితం మధ్యగా నిలువు గీత గీసి, దానికి ఒక పక్క సగం ముఖం గీసేది. కనుబొమ్మ, చెంప, దవడ. తర్వాత క్లాసులో నేర్పినట్టు దాన్ని అదే కొలతతో రెండో పక్కకి దించేది. చాలా కాగితాలు పాడయ్యాక ఒకటి కుదిరింది. కోలముఖం, ఉంగరాల జుట్టు, రెండు పెద్ద కళ్ళు. నాకు చాలా బాగుందనిపించింది. పిన్ని దాన్ని తీసుకెళ్ళి మామ్మ చేతిలో పెట్టింది. ఎవరిదో చెప్పలేదు. మామ్మ వెలుతురులోకి జరిగి, కాగితం దూరంగా పట్టుకుని చూసింది.

“ఎవరే ఈ అబ్బాయి? లక్షణంగా ఉన్నాడు. మనవాళ్ళేనా?”

పిన్ని కాగితం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు బొమ్మ చూసి మనవాళ్ళేనా అని అడిగానని మామ్మకి తెలియలేదు. కుర్రాడికి పెళ్ళయిందా అని నన్ను ఇంకోమాట కూడా అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పిన్ని ఇంట్లో పెన్సిలు పట్టుకోలేదు. మొహం మరిచిపోయానే అని ఒకసారి అంది. పోయాడని తెలిస్తే ఏడుస్తాను, మరిచిపోయానంటే ఏం చెయ్యాలి అంది.

క్లాసులో మళ్ళీ కుండ వచ్చింది. ఈసారి కావాలనే కాబోలు, కాల్చినప్పుడు ఒక పక్క నొక్కుకుపోయిన కుండ తెచ్చారు. పిన్ని అలవాటుగా మధ్య గీత గీసి, ఒక పక్క చూసి, రెండో పక్కకి దించేసింది. మాస్టారు వెనక నిలబడి చాలాసేపు చూశారు.

“అది ముగ్గండీ, ఇది కుండ. ఈ పక్కది ఎత్తి ఆ పక్కన పెట్టేసేరు. ఆ పక్క ఏముందో మీరు చూడనేలేదు.”

పిన్ని పెన్సిలు కింద పెట్టేసింది. ఆయన కోప్పడ్డారని నేను అనుకున్నాను. ఇంటి మలుపు దగ్గర ఆగి, నేను మా ఆయన్ని ఒక పక్కే చూశానే అంది.

కాపురం చేసిన ఆ కొద్ది నెలల్లో భర్త ముఖంలోకి నిటారుగా చూసిన జ్ఞాపకం ఆవిడకి లేదు. అత్తమామలున్న ఇల్లు. కొత్తకోడలు తల ఎత్తకూడదు. ఆయన తన ఎడంపక్క గోడ వైపు ఉండేలా పీట మీద కూర్చుని తినేవారు. ఈవిడ వంటింట్లోంచి వచ్చి కుడిపక్కన వంగి వడ్డించేది. ఆ వంగినప్పుడు చూసిన చెంప, ఆ కన్ను, అంతే. చీకట్లో కనిపించేదేముంది అని ఊరుకుంది. రెండో పక్క ఎలా ఉండేదో ఆవిడకి తెలియదు. తెలియని పక్కకి తెలిసిన పక్కని ఎత్తి పెట్టింది.

ఇంట్లోకి వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని, ఆయన ఎడంపక్క ఎలా ఉండేవారత్తయ్యా అని అడిగింది. ఆ ప్రశ్న మామ్మకి వింతగా తోచింది. ఎరగవా, ఎడం కంటి రెప్ప వాలి ఉండేది కదా అంది. చిన్నప్పుడు కొబ్బరితోటలో ఆడుకుంటుంటే ఎండుమట్ట రాలి కనుబొమ్మ మీద పడిందట. గాయం మానింది గాని రెప్ప పూర్తిగా లేవలేదు. నవ్వితే ఆ కన్ను మూసుకుపోయేదనీ, నోరు కూడా ఆ పక్కకే పోయేదనీ చెప్పింది. పదేళ్ళ తర్వాత కొడుకు గురించి ఎవరో అడిగారన్న సంతోషంలో మామ్మ చాలాసేపు చెప్పింది. పిన్ని వింటూ వేలితో తన కనుబొమ్మ మీద గీసుకుంటోంది.

మళ్ళీ కాగితాలు మొదలయ్యాయి. ఈసారి మధ్య గీత లేదు. కుడిపక్క తను గీసి, ఎడంపక్క మామ్మని అడిగి గీసేది. ఇంకా కిందికి వాలాలి అని మామ్మ చెప్పేది, పిన్ని చెరిపేది. పెట్టెలో దొంతరగా పడినవి ఆ కాగితాలే. చివరి బొమ్మ అంత అందంగా లేదు. ఒక కన్ను సగం మూసుకుని, ఎవరి మాటో నమ్మనట్టు చూస్తున్నాడు. మామ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుంది. కొంగుతో కాగితం మీద దుమ్ము తుడిచింది. దుమ్మేమీ లేదు.

కాట్రేనికోనలో మంగరాజని ఒకాయన ఉన్నాడని, రంగం నుంచి నడిచి వచ్చినవాడని అంతకుముందే తెలుసు. అప్పటికి రెండేళ్ళ క్రితం పిన్ని వెళ్ళి పేరు చెప్పి అడిగితే, ఎరగనని పంపేశాడు. ఆ బొమ్మ అట్టల మధ్య పెట్టుకుని, నన్ను తీసుకుని మళ్ళీ వెళ్ళింది. ఆయన వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి విసుక్కోలేదు, అరుగు మీద కూర్చోమన్నాడు. పిన్ని ఈసారి పేరు చెప్పకుండా కాగితం తీసి ఇచ్చింది. ఆయన చేతిలోని దారం వదిలేశాడు.

“వీడు మా అప్పలసామి కదండీ. మిల్లులో నా పక్క మనిషే. మీకేమవుతాడండీ?”

ఆయన ఆవిడ నుదుటి వైపు చూశాడు. అప్పుడు అర్థమై, తల దించుకుని, నెమ్మదిగా చెప్పాడు. కలిసే బయల్దేరారట. కొండదారిలో కలరా తగిలింది. ఆగినవాళ్ళెవరూ బతకలేదు గనుక ఎవరూ ఆగలేదు. ఈయన మాత్రం ఒక పూట ఆగాడట. పోయాక పూడ్చడానికి పార కూడా లేదు, ఆకులు కప్పి వచ్చేశాడు. ఇల్లు ఎక్కడరా అని అడిగితే కోనసీమ అన్నాడు గాని ఊరి పేరు చెప్పేలోపు మాట పడిపోయిందన్నాడు. మా ఇద్దరికీ కొబ్బరినీళ్ళు ఇచ్చాడు. పిన్ని తాగింది.

తిరుగుబస్సులో అట్టలు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అమలాపురం దగ్గర పడుతుంటే ఒకమాట అంది.

“గుర్తుపట్టకుండా ఉంటే బాగుండేదే. ఇంకా సరిగ్గా రాలేదని మళ్ళీ గీసుకునేదాన్ని.”

మర్నాడు పొద్దున్న కనకమ్మ మామ్మ లేచి కోడలి నుదురు చూసింది. కాఫీ గ్లాసు నేల మీద పెట్టేసింది. అడగలేదు, పిన్ని చెప్పలేదు. ఆ ఇంట్లోంచి పెద్దగా ఏడుపు కూడా వినపడలేదు. అందుకే వీధిలోవాళ్ళకి సంగతి తెలియలేదు. చావు కబురు వస్తే ఏడుపు వినపడాలి కదా అనుకున్నారు. ఆ వారంలోనే ప్రకాశరావు మాస్టారికి వేరే ఊరి హైస్కూల్లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయారు. లోవమ్మ ఆ రెండూ కలిపింది.

పిన్ని లోయరు పరీక్ష రాసింది. ప్యాసయింది. పరీక్షలో కుండే వచ్చిందట. ఆ తర్వాత రుమాళ్ళ మీద కుట్టడానికి పువ్వులూ లతలూ తప్ప ఆవిడ ఇంకేమీ గీయలేదు. మామ్మ రెండేళ్ళు బతికింది. చివరి బొమ్మ మామ్మ తలగడ కింద ఉండేది, తర్వాత పెట్టెలోకి చేరింది. ఇల్లు మారేటప్పుడు పెట్టె తెరుచుకుని నలుగురూ చూశారు. ఆ చూసినవాళ్ళే వీధిలో చెప్పారు.

ఆ బొమ్మలో మనిషికి ఎడం కంటి రెప్ప వాలి ఉంటుంది. ప్రకాశరావు మాస్టారి కళ్ళు రెండూ సమానంగా ఉంటాయి.